ఎత్తు వేసినదెవరు?

చదరంగంలో తెల్లపావులవాడు మొదటి ఎత్తు వేయడానికి సరిగ్గా ఇరవై దారులున్నాయి. బంట్లతో పదహారు, గుర్రాలతో నాలుగు. నల్లపావులవాడికీ అంతే. ఇద్దరూ చెరో ఎత్తు వేస్తే 400 రకాలు, చెరి రెండెత్తులు వేసేసరికి 1,97,281 రకాలు. ఇన్నింటిలో ఏది మంచిదో ఒక మనిషి కూర్చుని ఆలోచించి తేల్చుకునే పని కాదు. అందుకే ఆట నేర్చినవాళ్ళు తరతరాలుగా చేస్తున్నది ఒకటే: ముందువాళ్ళు ఏమాడారో, ఆడి ఏమయ్యారో చూసుకోవడం. ఆ చూసుకోవడమే ఇప్పుడు లెక్కల రూపంలో ఫోన్‌లోకి వచ్చింది.

హిందూపురంలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి లిచెస్ అనే చదరంగం సైటు తెరిచి, ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్ నొక్కిందనుకుందాం. బోర్డు పక్కన ఒక పట్టిక తెరుచుకుంటుంది. వరసకో ఎత్తు, అది ఎన్ని ఆటల్లో పడిందన్న లెక్క, దాని పక్కన మూడు ముక్కల పట్టీ. తెల్లముక్క తెల్లపావులు గెలిచిన శాతం, నడుమ బూడిదరంగు ముక్క డ్రాల శాతం, నల్లముక్క నల్లపావులు గెలిచిన శాతం. గెలుపుకు ఒకటి, డ్రాకు అర చొప్పున కూడితే ఆ ఎత్తుకు పడ్డ స్కోరు తేలుతుంది. గట్టి ఆటగాళ్ళ ఆటలన్నీ కలిపి చూస్తే తెల్లపావుల స్కోరు 54, 55 శాతం దగ్గర ఉంటుంది. ముందు ఎత్తు తనది కావడంవల్ల వచ్చే లాభం అంతే. కాబట్టి ఏదైనా ఎత్తు పక్కన 60 కనబడితే కన్ను అక్కడే ఆగిపోతుంది. అదే ఆడేద్దామనిపిస్తుంది.

కొంచెం ఆగాలి. ఆ 60 ఎత్తు గుణం చెబుతున్నట్టే ఉంటుంది గాని, అందులో ఎత్తుకంటే మనుషులే ఎక్కువ ఉన్నారు. ఆ ఎత్తు వేసినవాళ్ళెవరు, ఎదురుగా కూర్చున్నదెవరు, ఏ కాలంలో ఆడారు, ఎంతమంది ఆడారు అన్నవన్నీ ఆ ఒక్క అంకెలో కలగలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీసి చదవడం వస్తే, కోచింగ్‌కు డబ్బు పెట్టలేని ఇంటి పిల్లకు ఈ పట్టికను మించిన గురువు లేడు. రాకపోతే నెలల తరబడి తప్పుదారిన నడిపించేదీ ఇదే. నేను ఈ అధ్యాయం రాస్తున్నది ఆ పిల్ల కోసమే.

ఈ అంకెలు ఎక్కణ్ణుంచి వచ్చాయో ముందు చూద్దాం. ఎవరో ఒకరు ప్రతి ఎత్తూ రాసిపెట్టబట్టి వచ్చాయి. రాయని ఆట లెక్కకు రాదు. దీనికి మన పక్కనే పెద్ద ఉదాహరణ ఉంది. పెనుకొండ విజయనగర రాజులకు రెండో రాజధాని. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడాక అసలు రాజధానే అయింది. ఆ రాజుల్లో కృష్ణదేవరాయలికి చదరంగమంటే మక్కువ అనీ, బొడ్డుచర్ల తిమ్మన అనే కవి ఆయనతో ఆడి గెలుస్తుండేవాడనీ, మెచ్చుకున్న రాయలు అతనికి కొప్పోలు గ్రామాన్ని బహుమానంగా ఇచ్చాడనీ చాటు సంప్రదాయం చెబుతుంది. ఊరినే సంపాదించిపెట్టిన ఆ ఆటల్లో ఒక్కటీ మనకు దక్కలేదు. తిమ్మన ముందు ఏ బంటు జరిపేవాడు, గుర్రాన్ని ఎప్పుడు బయటికి తెచ్చేవాడు, రాయలు ఎక్కడ తడబడేవాడు, ఏదీ లేదు. పద్యం నిలిచింది, ఎత్తులు నిలవలేదు.

మూడు వందల ఏళ్ళ తర్వాత కలకత్తాలో కథ వేరుగా నడిచింది. అక్కడ బారిస్టరుగా ఉన్న జాన్ కాక్రేన్ అనే స్కాట్లండు దేశస్థుడు, మహేశ్‌చంద్ర బెనర్జీ అనే బెంగాలీ ఆటగాడితో 1850ల ప్రాంతంలో విస్తారంగా ఆడాడు. ఆ ఆటల్లో చాలా వాటి ఎత్తులు కాగితం మీదికెక్కాయి, ఇంగ్లండు పత్రికల దాకా వెళ్ళాయి. మహేశ్‌చంద్ర నడిమి గళ్ళను బంట్లతో వెంటనే ఆక్రమించేవాడు కాదు. గుర్రాన్ని బయటికి తెచ్చి, దాని పక్కనున్న బంటును ఒక గడి జరిపి, ఆ సందులోంచి శకటును నడిమికి గురిపెట్టేవాడు. ఐరోపావాళ్ళకు వింతగా తోచిన ఈ తరహా ఆటకే తర్వాత ఇండియన్ డిఫెన్స్ అనే పేరు స్థిరపడింది. 1855లో ఈ ఇద్దరూ ఆడిన ఒక ఆటలో, ఇవాళ గ్రున్‌ఫెల్డ్ డిఫెన్స్ అని పిలిచే వరస ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. ఎవరి పేరు దానికి పెట్టారో ఆ ఎర్నెస్ట్ గ్రున్‌ఫెల్డ్ దాన్ని పెద్ద టోర్నమెంట్లలోకి తెచ్చింది 1922లో. తిమ్మనకు లేని అదృష్టం మహేశ్‌చంద్రకు పట్టింది, ఎదురుగా కూర్చున్నవాళ్ళకు రాసే అలవాటు ఉండడం వల్ల.

ఆ తర్వాతి సంగతి తొందరగా చెప్పేస్తాను. 1966 నుంచి బెల్‌గ్రేడ్‌లో వెలువడిన ఇన్ఫర్మేటర్ సంపుటాలు ఎంపిక చేసిన ఆటల్ని భాషతో పనిలేని గుర్తులతో అందించాయి. 1980ల చివరికి జర్మనీలో చెస్‌బేస్ పుట్టింది, కాగితం బదులు కంప్యూటరు వచ్చింది. 1993లో పీజీఎన్ అనే పద్ధతితో ఏ ఆటనైనా మామూలు అక్షరాల్లో దాచుకునే వీలు కలిగింది. 2010లో ఫ్రాన్సు దేశస్థుడు తిబో డ్యూప్లెసీ మొదలుపెట్టిన లిచెస్, 2013 జనవరి నుంచి తన రేటెడ్ ఆటలన్నిటినీ నెలనెలా ఎవరైనా ఉచితంగా దించుకునేలా పెడుతోంది. ఆ ఆటల లెక్క ఇప్పుడు వందల కోట్లలో ఉంది. ఒకప్పుడు గ్రాండ్‌మాస్టర్లు కూడా నోటుపుస్తకాల్లో రాసుకుని దాచుకున్న జ్ఞానం ఇది.

ఇక అంకెను చదవడం. ఏ ఎత్తు ఎన్ని ఆటల్లో పడిందన్నది మొదట చూడాల్సిన గడి. చాలామంది దాన్ని దాటేసి సూటిగా శాతం దగ్గరికి పోతారు.

ఎనిమిది ఆటల్లోనే పడిన ఒక అరుదైన ఎత్తు ఉందనుకుందాం. అందులో ప్రత్యేకత ఏమీ లేదు, గెలుపు ఓటములు సరిసమానం. డ్రాల మాట పక్కన పెడదాం. అయినా ఎనిమిదింట ఆరు, అంతకు మించి గెలుపులు దానికి పడే అవకాశం ఎంతో తెలుసా? 256లో 37, అంటే వందకు 14 పైచిలుకు. అలాంటి ఏ విశేషమూ లేని ఎత్తులు పట్టికలో ఇరవై కనిపిస్తే, సగటున మూడింటి పక్కన 75 శాతమో అంతకంటే ఎక్కువో మెరుస్తూ ఉంటుంది. మన కన్ను సరిగ్గా ఆ మూడింటినే ఏరుకుంటుంది. అదృష్టం కలిసొచ్చినవాటినే ఏరి, రేపటి ఆటలో మళ్ళీ అదే అదృష్టం ఆశిస్తాం.

మరి ఎన్ని ఆటలుంటే నమ్మవచ్చు? ఒక ఎత్తుతో వందకు 35 గెలుపులు, 40 డ్రాలు, 25 ఓటములు వస్తాయనుకోండి. స్కోరు 55. ఇది 25 ఆటల నుంచి తీసిన స్కోరయితే అసలు విలువ దానికి అటూ ఇటూ 15 శాతం వరకు ఎక్కడైనా ఉండవచ్చు. 100 ఆటలయితే అటూ ఇటూ ఏడున్నర. 10,000 ఆటలయితే ముప్పావు శాతం. ఆటలు నాలుగు రెట్లయితే గాని అనుమానం సగానికి దిగదు.

ఈ దిగుదల వేగాన్ని ఎంత తెలివైన లెక్క వేసినా పెంచలేమా? సాధ్యమయ్యే కచ్చితత్వానికి ఒక హద్దుందని రుజువు చేసినవాడు మన తెలుగువాడే. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో హడగళిలో పుట్టారు. ఆ ఊరు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్ళారి జిల్లాలోది, మన అనంతపురానికి పొరుగు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో మహలనోబిస్ నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. పెద్ద శాంపిళ్ళకు చెల్లే ఒక ఫలితాన్ని పాఠంగా చెబుతుండగా ఒక విద్యార్థి అడిగాడట, ఇది చిన్న శాంపిళ్ళకు కూడా చెల్లుతుందా అని. ఆ ప్రశ్నను పట్టుకుని ఆయన సాధించిన ఫలితం 1945లో అచ్చయింది. ఇప్పుడు దాన్ని ప్రపంచమంతా క్రామర్–రావ్ హద్దు అంటారు. ఏ పక్షపాతమూ లేకుండా అంచనా కట్టే ఏ పద్ధతైనా ఇన్ని శాంపిళ్ళనుంచి ఇంతకు మించిన కచ్చితత్వం ఇవ్వలేదని అది చెబుతుంది. గెలుపా ఓటమా అన్న రెండే ఫలితాలున్న లెక్కలో మనం చేసే మామూలు సగటు ఆ హద్దును తాకనే తాకింది. కాబట్టి ఎనిమిది ఆటల్లోంచి ఎనభై ఆటల జ్ఞానం పిండే యంత్రం ఎవరి దగ్గరా లేదు. రావుగారికి 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది, ఆ ఏడాదే ఆయన కన్నుమూశారు. నూటరెండేళ్ళు బతికిన ఈ మనిషి గురించి మన బడిపుస్తకాల్లో ఇంకా చాలా చెప్పాలి.

హద్దును దాటలేకపోయినా, చిన్న లెక్క చేసే మోసాన్ని అదుపులో పెట్టే ఉపాయం ఒకటుంది. ప్రతి ఎత్తుకూ మామూలు స్కోరు 54 శాతంతో ఒక ఇరవై ఊహా ఆటలు కలిపేయండి. నాలుగు ఆటల్లో మూడు గెలిచి 75 శాతంతో వెలుగుతున్న ఎత్తు ఉందనుకోండి. మూడు గెలుపులకు ఇరవై ఊహా ఆటల స్కోరు 10.8 కలిపితే 13.8, ఇరవై నాలుగుతో భాగిస్తే 57.5 శాతం. మరో ఎత్తు 900 ఆటల్లో 58 శాతంతో ఉంది. దానికీ అలాగే కలిపితే 57.9 వస్తుంది, దాదాపు కదల్లేదు. 75 కిందికి దిగింది, 58 పైన నిలిచింది. పక్షపాతం కావాలనే చేర్చి నిలకడ సంపాదించడం ఇది. కాగితం మీద నిమిషంలో అయిపోయే ఈ పని ఎక్స్‌ప్లోరర్ మనకు చేసిపెట్టదు, మనమే చేసుకోవాలి.

ఆటలు వేలల్లో ఉంటే ఇక దిగుల్లేదా? ఉంది, ఇంకా పెద్దది.

హిందూపురం మార్కెట్ యార్డుకు చింతపండు కరిపులి, ఫ్లవర్ అని రెండు రకాలుగా వస్తుంది. కరిపులి ధర ఎక్కువ. ఒక వారం రెండు రకాల ధరా పెరిగిందనుకోండి. కాని ఆ వారం యార్డులో దిగినదాంట్లో ఎక్కువ ఫ్లవరే. మొత్తం సరుకు మీద క్వింటా సగటు తీస్తే ధర పడిపోయినట్టు కనిపిస్తుంది. పెరిగింది రెండూ, తగ్గింది సగటు. రకాలు విడదీయకుండా సగటు చెబితే ఏ రైతూ నమ్మడు.

ఎత్తుల పట్టికలోనూ ఇదే జరుగుతుంది. రెండు ఎత్తులు, చెరో వంద ఆటలు తీసుకుందాం. మొదటి ఎత్తును ఎక్కువగా వేసినవాళ్ళు ఎదుటివాడికంటే బలమైనవాళ్ళు: 80 ఆటల్లో 60 పాయింట్లు తెచ్చుకున్నారు. బలహీనులు ఆడిన 20 ఆటల్లో 6 పాయింట్లు వచ్చాయి. మొత్తం 66 శాతం. రెండో ఎత్తు బలహీనుల చేతిలోనే ఎక్కువ పడింది: బలవంతులు 20 ఆటల్లో 16, బలహీనులు 80 ఆటల్లో 28. మొత్తం 44 శాతం. పట్టికలో 66, 44 అని కనబడితే ఏది ఆడతారు? ఇప్పుడు విడదీసి చూడండి. బలవంతుల చేతిలో మొదటి ఎత్తు 75, రెండోది 80. బలహీనుల చేతిలో మొదటిది 30, రెండోది 35. ఎవరు ఆడినా రెండోదే మేలు. సగటు మాత్రం దాన్ని ఇరవై రెండు శాతం వెనక్కి నెట్టింది.

ఆటగాళ్ళ బలాన్ని లెక్కలోంచి తీసేయడానికి సాధనం రేటింగే. హంగరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన అర్పాద్ ఈలో కట్టిన ఈ లెక్కను అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే 1970లో స్వీకరించింది. దాని ప్రకారం 100 పాయింట్లు ఎక్కువున్నవాడు సగటున 64 శాతం స్కోరు చేస్తాడు, 200 ఎక్కువున్నవాడు 76, 400 ఎక్కువున్నవాడు దాదాపు 91. ఒక ఎత్తు 62 శాతం చూపిస్తోంది, దాన్ని వేసినవాళ్ళ సగటు రేటింగ్ 2450, ఎదుటివాళ్ళది 2350 అనుకుందాం. తెల్లపావుల లాభం కలపకముందే వాళ్ళకు 64 రావాలి. 62 వచ్చిందంటే ఆ ఎత్తు వాళ్ళను వెనక్కి లాగింది. చెస్‌బేస్ లాంటి ప్రోగ్రాములు ఈ సగటు రేటింగునూ, దాన్నిబట్టి తేలిన పర్ఫార్మెన్సునూ పక్కనే చూపిస్తాయి. శాతం కంటే ముందు చూడాల్సింది ఆ రెండు గళ్ళనే.

కాలం సంగతి కూడా ఇలాంటిదే. 2000లో లండన్‌లో గారీ కాస్పరోవ్, వ్లదిమీర్ క్రామ్నిక్ ప్రపంచ టైటిల్ కోసం తలపడ్డారు. కాస్పరోవ్ రాజు ముందు బంటుతో మొదలుపెడితే, క్రామ్నిక్ బెర్లిన్ డిఫెన్స్‌కు దిగాడు. పందొమ్మిదో శతాబ్దపు పాత వరస అది. మంత్రులు తొందరగా మారిపోతాయి, నల్లరాజు కోట కట్టుకునే హక్కు పోగొట్టుకుంటాడు, బంట్లు జంటపడతాయి. అప్పటికి చాలాకాలంగా గొప్పవాళ్ళు దాన్ని పెద్దగా పట్టించుకోవడం లేదు. ఆ మ్యాచ్‌లో నాలుగు ఆటలు బెర్లిన్‌లో నడిచాయి, కాస్పరోవ్ ఒక్కటీ గెలవలేకపోయాడు. మ్యాచ్ ఎనిమిదిన్నర–ఆరున్నరతో క్రామ్నిక్‌దైంది. అక్కణ్ణుంచి బెర్లిన్ అగ్రశ్రేణి ఆటగాళ్ళ నిత్యాయుధమైంది. 1999 దాకా ఉన్న ఆటలతో లెక్క కట్టినవాడికీ, 2001 తర్వాతి ఆటలతో కట్టినవాడికీ ఒకే ఎత్తు గురించి ఒకే జవాబు రాదు. దీని తిరగేసిన రూపం ఇంకా ప్రమాదం: ఒక వరసకు ఎవరో విరుగుడు కనిపెడతారు, తెలిసినవాళ్ళు దాన్ని ఆడడం మానేస్తారు. ఓడిన ఆటలు రెండో మూడో చేరతాయి, పాత గెలుపులు వందల్లో అలాగే ఉండిపోతాయి. పట్టికలో ఆ ఎత్తు ఇంకా మెరుస్తూనే ఉంటుంది. అందుకే ఎక్స్‌ప్లోరర్‌లో తేదీ ఎంచుకునే వీలు పెట్టారు.

ఎదురుగా ఎవరు కూర్చున్నారన్నదే అన్నిటికంటే కీలకమని నేననుకుంటాను. దీన్ని బోర్డు మీద పెట్టి చూద్దాం.

తెల్లపావులవాడు మంత్రి ముందు బంటును రెండు గళ్ళు జరిపాడు, డి4. నల్లపావులవాడు ఈ5 అని బంటును ఉట్టినే ఎదురిచ్చాడు. దీన్ని ఎంగ్లుండ్ గ్యాంబిట్ అంటారు. తెలుపు ఆ బంటును తింటాడు. నలుపు గుర్రాన్ని సి6కు తెస్తాడు, తెలుపు గుర్రాన్ని ఎఫ్3కి తెచ్చి బంటును కాపాడతాడు. నలుపు మంత్రిని ఈ7కు జరిపి ఆ బంటు మీద కన్నేస్తాడు. తెలుపు శకటును ఎఫ్4లో పెట్టి మరింత కాపు వేస్తాడు. అన్నీ బుద్ధిగా వేసిన ఎత్తులే. అప్పుడు నల్లమంత్రి బి4కు దూకి రాజుకు చెక్ చెబుతుంది, అక్కణ్ణుంచి శకటు మీదా, బి2 బంటు మీదా ఒకేసారి గురి. తెలుపు శకటును డి2కు వెనక్కి తెచ్చి చెక్ ఆపుతాడు. నల్లమంత్రి బి2 బంటును తింటుంది.

ఇక్కడ వేయి మందిలో వందల మంది చేతికి తోచే ఎత్తు శకటు సి3. మంత్రి మీద దాడి, వెనక ఏనుగుకు రక్ష. చూడ్డానికి ఎంతో బాగుంటుంది. నలుపు వెంటనే తన శకటును బి4లో పెడతాడు. తెల్లశకటు కట్టుబడిపోయింది, కదిలితే రాజుకు చెక్, కాబట్టి పక్కనే ఉన్న మంత్రిని తినలేదు. తెలుపు మంత్రిని డి2కు తెచ్చి కాపు వేస్తే, నల్లశకటు సి3లో తింటుంది, తెల్లమంత్రి తిరిగి తింటుంది, నల్లమంత్రి సి1కి దిగుతుంది. ఆట కట్టు. ఎనిమిదో ఎత్తులో రాజు తన గడిలోనే చిక్కుకుపోయాడు.

తక్కువ రేటింగుల ఆటల్ని మాత్రమే ఎంచుకుని ఎక్స్‌ప్లోరర్ చూస్తే ఈ గ్యాంబిట్ నల్లపావులకు బాగానే ఫలిస్తున్నట్టు కనిపిస్తుంది. మాస్టర్ల ఆటలకు మార్చండి, దీన్ని ఆడేవాళ్ళే అరుదు. కారణం చిన్నది. శకటు సి3 బదులు గుర్రం సి3 వేస్తే ఉచ్చు విడిపోతుంది, నల్లమంత్రి తెల్ల శిబిరంలో ఒంటరిగా తిరుగుతుంటే తెలుపు తన పావుల్ని ఒక్కొక్కటిగా బయటికి తెచ్చుకుంటాడు. అంటే ఆ స్కోరు కొలిచింది గుర్రం సి3 సంగతి తెలియనివాళ్ళ వాటాను. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ బెంగళూరుకు పోయే ఒకే రైలుదారి మీదున్నాయి. ఆదివారం టోర్నమెంటుకు ఇక్కడి పిల్లలు రైలెక్కితే ఎదురయ్యేది చిన్నప్పట్నుంచీ కోచింగ్ తీసుకున్న బెంగళూరు పిల్లలు. అర్ధరాత్రి ఫోన్‌లో మూడు నిమిషాల ఆట ఆడే అపరిచితుల మీద నిలిచిన శాతం వాళ్ళ మీద నిలవదు. రేపు ఎవరితో ఆడబోతున్నారో ఆ రేటింగు, ఆ టైమ్ కంట్రోల్ ఎంచుకుని చూడడమే ఈ లెక్కల్లో సగం పని.

ఎత్తుల్ని తూచి చెప్పే కంప్యూటరు ప్రోగ్రాము, ఇంజిన్, ఉండగా ఈ లెక్కలెందుకని అడగవచ్చు. ఇంజిన్ చెప్పేది, రెండు వైపులా తప్పుల్లేకుండా ఆడితే పరిస్థితి ఏమిటని. గణాంకం చెప్పేది, మనుషులు ఆడితే ఏమవుతోందని. రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే పని జరుగుతుంది. ఇంజిన్ సమానమంటున్న చోట మీ స్థాయి ఆటల్లో మీ వైపు వేల ఆటల మీద 57 శాతం వస్తుంటే, ఎదుటివాడికి సరైన దారి కనుక్కోవడం కష్టంగా ఉందన్నమాట. దాన్ని నిస్సంకోచంగా నేర్చుకోండి. ఇంజిన్ ఒక బంటుకు మించిన నష్టమంటుంటే, గణాంకం ఎంత తియ్యగా మాట్లాడినా అది ఎంగ్లుండ్ లాంటి ఉచ్చే. ఎదుటివాడు ఎదిగే కొద్దీ ఇగిరిపోతుంది.

గణాంకాన్నీ ఆటనూ అందరికంటే బాగా కలిపింది ఒక యంత్రం. 2017 డిసెంబరులో డీప్‌మైండ్ సంస్థ ఆల్ఫాజీరోను బయటపెట్టింది. దానికి నియమాలు తప్ప మనుషుల ఆట ఒక్కటీ చూపించలేదు. తనతో తానే ఆడుకుని నేర్చుకుని, అప్పటి మేటి ఇంజిన్ స్టాక్‌ఫిష్‌తో ఆడిన వంద ఆటల్లో 28 గెలిచి 72 డ్రా చేసుకుంది. మన చర్చకు పనికొచ్చేది దాని ఎంపిక పద్ధతి. ఎత్తు వేసే ముందు అది మనసులో ముందుకు ఆడి చూస్తూ, ఏ ఎత్తును ఎన్నిసార్లు పరీక్షించిందో, సగటున ఎంత విలువ తేలిందో పట్టిక కట్టుకుంటుంది. మన ఎక్స్‌ప్లోరర్ లాంటిదే. చివరికి బోర్డు మీద వేసేది ఎక్కువ సగటున్న ఎత్తును కాదు, ఎక్కువసార్లు పరీక్షించిన ఎత్తును. రెండు మూడు సార్లు చూసి గొప్ప సగటు తెచ్చుకున్న ఎత్తును అది నమ్మదు. దాని దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్తుంది. సగటు నిలిస్తే పరీక్షలు పెరుగుతాయి, పడిపోతే వాటంతటవే ఆగిపోతాయి. తక్కువ చూసిన ఎత్తులకు కొంత మొగ్గు ఇచ్చి పరీక్షించే ఈ తరహా వెతుకులాటను 2006లో కోచిష్, సెపెష్వారి అనే ఇద్దరు హంగరీ శాస్త్రవేత్తలు సూత్రబద్ధం చేశారు. మనిషి ఆచరణలో దాన్ని ఇలా పెట్టుకోవచ్చు: టోర్నమెంట్‌లో నమ్మకమున్న ఎత్తునే ఆడాలి, ప్రాక్టీసులో మాత్రం అయిదింట ఒకటి కొత్తదానికి కేటాయించాలి. పరీక్షించనిదాని గురించి పట్టిక ఎప్పటికీ ఏమీ చెప్పదు.

పైస్థాయిలో ఈ లెక్కను తిరగేసి వాడతారు. 2024 డిసెంబరులో సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ను ఏడున్నర–ఆరున్నరతో ఓడించి దొమ్మరాజు గుకేశ్ ప్రపంచ చాంపియనయ్యాడు. చెన్నైలో పెరిగిన తెలుగింటి బిడ్డ. అతనికి ఓపెనింగులు సిద్ధం చేసిన జట్టులో గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ ఉన్నాడు. అలాంటి సహాయకుల పని పట్టికలో పెద్ద అంకె వెతకడం కాదు. వేల ఆటలు వందలై, వందలు పదులై, ఇక్కడ ఒక్క ఆటా లేదు అనే చోటు దాకా వెళ్ళి, అక్కడ ఇంజిన్ తప్పుబట్టని ఎత్తును ఏరుతారు. ఎదుటివాడు మొత్తం డేటాబేసు కంఠతా పట్టి వచ్చినా ఆ గడి ఖాళీగానే ఉంటుంది. వరంగల్ కుర్రాడు ఎరిగైసి అర్జున్, విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 రేటింగు దాటిన రెండో భారతీయుడు, రకరకాల ఓపెనింగులు మార్చి మార్చి ఆడతాడు. అతని పాత ఆటలు తిరగేసి రేపేం ఆడతాడో చెప్పడం కష్టం. శాంపిల్ నుంచి తప్పించుకోవడం కూడా ఒక విద్యే. మన స్థాయిలో ఇంత దూరం పోనక్కర్లేదు గాని, ఎక్స్‌ప్లోరర్‌లో మాస్టర్లు, లిచెస్ అనే రెండు విభాగాల పక్కన ప్లేయర్ అనే మూడోది ఉంటుంది. అందులో మీ పేరు వేసి చూసుకోండి. ఏ వరసలో మీరు ఎప్పుడూ ఓడుతున్నారో అక్కడ తెలుస్తుంది. ఆ ఓటములు ఏ ఎత్తు దగ్గర మొదలవుతున్నాయో కూడా.

ఒక లోటు మాత్రం ఏ కంపెనీ తీర్చలేదు. ఫిడే నియమాల ప్రకారం పూర్తి నిడివి ఆటలో ప్రతి ఎత్తూ స్కోర్‌షీట్‌లో రాయాలి. ర్యాపిడ్, బ్లిట్జ్ ఆటల్లో రాయనవసరం లేదు. చిన్న ఊళ్ళలో ఒక్కరోజులో ముగించే టోర్నమెంట్లు చాలావరకు ర్యాపిడ్ పద్ధతిలోనే నడుస్తాయి. అంటే హిందూపురం పిల్ల పెనుకొండ పిల్లవాడితో ఆడిన ఆట, ఇద్దరికీ రేపు మళ్ళీ పనికొచ్చే ఆట, బోర్డు సర్దేయగానే పోతుంది. రౌండుకూ రౌండుకూ నడుమ ఉండే పదిహేను నిమిషాల్లో మొదటి పన్నెండు ఎత్తులు గుర్తుతెచ్చుకుని రాయడం ఏమంత కష్టం కాదు, ఇద్దరూ కలిసి కూర్చుంటే ఇంకా తేలిక. ఎదుటివాళ్ళ రేటింగు, మీ పావుల రంగు, మీకు తెలిసిన దారి ఏ ఎత్తు దగ్గర అయిపోయింది, ఫలితం ఏమిటి అన్నవి పక్కన వేసుకోండి. ఇంటికెళ్ళాక లిచెస్ స్టడీలో ఎక్కించి మీ ఊరి ఆటగాళ్ళతో పంచుకుంటే, ఒక సీజను గడిచేసరికి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడు ఊళ్ళ ఆటలతో ఒక చిన్న డేటాబేసు తయారవుతుంది. మీరు రేపు ఎవరితో ఆడతారో వాళ్ళే అందులో ఉంటారు.